దొరవారికో దరఖాస్తు

1482 ప్రాంతంలో ఫ్లారెన్స్ నుంచి మిలాన్ చేరిన ముప్పై ఏళ్ల చిత్రకారుడికి కొలువు కావాల్సి వచ్చింది. అక్కడ చక్రం తిప్పుతున్నవాడు లుదొవికో స్ఫోర్జా. ఆయన పేర తయారుచేసిన ఉత్తరం చిత్తుప్రతి ఇవాళ్టికీ మిలాన్‌లోని ఆంబ్రోసియానా గ్రంథాలయంలో, 'కోడెక్స్ అట్లాంటికస్' అనే కాగితాల సంపుటిలో ఉంది. దస్తూరీ మాత్రం ఆ చిత్రకారుడిది కాదంటారు. ఆయన ఎడమచేత్తో, కుడి నుంచి ఎడమకు, అద్దంలో కనబడే అక్షరాల్లా రాసుకునేవాడు. ఆ రాత దొరవారికి ఏం అర్థమవుతుందని కాబోలు, ఇంకొకరి చేత రాయించాడు. రెజ్యూమే పుట్టుక గురించి మాట్లాడేవాళ్లు ముందుగా తలుచుకునేది ఈ కాగితాన్నే. ఆ చిత్రకారుడు లియొనార్దో దా వించి.

ఉత్తరంలో వరస చూడాలి. మోసుకుపోవడానికి తేలికైన వంతెనలు కట్టగలను. ముట్టడి వేళ కందకాల్లో నీళ్లు తోడించగలను. వడగళ్లలా రాళ్లు కురిపించే ఫిరంగులు చేయగలను. చప్పుడు కాకుండా సొరంగాలు తవ్వించగలను. ఇలా అంకెలు వేసి మరీ చెప్పుకుంటూ పోయాడు. పదో అంశానికి గానీ యుద్ధం ఊసు ఆగదు. అక్కడ భవనాలు, నీటి కాలువలు వచ్చాయి. ఆ తర్వాత శిల్పాలు. బొమ్మలు కూడా వేస్తానన్నది ఆ శిల్పాల వెనక, తోకలా తగిలించిన ముక్క. లుదొవికో తండ్రి స్మారకంగా పెద్ద కంచు గుర్రం పోతపోస్తానన్నాడు. వీటిలో ఏదైనా నమ్మకం కుదరకపోతే మీ తోటలోనే చేసి చూపిస్తానన్నాడు. ఇవాళ్టి కుర్రాళ్లు గిట్‌హబ్ లింకు పెట్టడం లాంటిదే ఇది.

ఆ రోజుల్లో మిలాన్‌కు వెనిస్‌తో పోరు. దొరకు కావాల్సింది ఆయుధాలు. అందుకే అవి పైకెక్కాయి. అప్పటికి లియొనార్దో వాటిని రణరంగంలో వాడి చూపిన దాఖలా లేదనుకోండి. అమీర్‌పేట సాఫ్ట్‌వేర్ కోచింగుల భాషలో కాస్త 'ఫేక్ ఎక్స్‌పీరియన్స్' అనవచ్చు. ఆ ఒక్కటీ మాత్రం ఆయన దగ్గర నేర్చుకోవద్దు!

రెజ్యూమే ఫ్రెంచి మాట, 'సంగ్రహం' అని అర్థం. కరిక్యులమ్ వీటే లాటిన్, అంటే జీవిత గమనం. మన నోట నానిన అర్జీ, దరఖాస్తు అనేవి అరబ్బీ, పారశీల నుంచి వచ్చి కచేరీల్లో స్థిరపడ్డాయి. ఆ తర్వాత రాజ్యమేలింది బయోడేటా. తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం, పెళ్లయిందా లేదా, హాబీలు, చివర 'పై వివరాలన్నీ నిజం' అని సంతకం. అదే పేరుతో అలాంటి కాగితమే పెళ్లిళ్ల పేరయ్య సంచిలోనూ ఉండేది. పని గురించి అందులో రెండు లైన్లుంటే గొప్ప.

నా మొదటి బయోడేటా టైపు ఇన్‌స్టిట్యూట్‌లో, స్నేహితుడిది పక్కన పెట్టుకుని కొట్టించుకున్నాను. తండ్రి పేరు దగ్గర వాళ్ల నాన్నగారి పేరే ఉండిపోయింది. కింద అంతా నిజమేనని నా సంతకం. ఇంటర్వ్యూలో పెద్దాయన కళ్లజోడు పైకి తోసి, కాగితం వైపోసారి, సర్టిఫికెట్ వైపోసారి చూసి, "ఇంతకీ నువ్వెవరబ్బాయివి నాయనా?" అన్నాడు. ఉద్యోగం రాలేదని వేరే చెప్పాలా!

1997లో నౌకరీ డాట్‌కామ్, 2003లో లింక్డిన్ వచ్చాక కాగితం తెరమీదికెక్కింది. పెద్ద కంపెనీల్లో మొదటి వడపోత ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌దే. ప్రకటనలో అడిగిన నైపుణ్యాల పేర్లు మీ రెజ్యూమేలో ఉన్నాయా అని వెతుకుతుంది. అది దాటాక మనిషి చూసేదీ కాసేపే. 2012లో ద ల్యాడర్స్ అనే అమెరికా సంస్థ చూపుల కదలికను కొలిస్తే, తొలి నిర్ణయానికి పట్టింది సగటున ఆరు సెకన్లు. తండ్రి పేరు, హాబీలు చదివే లోపే ఆ సెకన్లు అయిపోతాయి. కాబట్టి ఉద్యోగ ప్రకటన పక్కన పెట్టుకుని, వాళ్లడిగిన పనిలో మీరు చేసి చూపించింది ఏదో అదే పైన రాయండి.

లియొనార్దోకు ఆ కొలువు దొరికింది, ఆలస్యంగానైనా. గుర్రానికి మట్టి నమూనా చేశాడు. పోతకు దాచిన కంచు 1494లో ఫిరంగులకు పోయింది. 1499లో మిలాన్‌ను పట్టుకున్న ఫ్రెంచి విలుకాళ్లు ఆ మట్టి గుర్రం మీద గురి చూసుకున్నారు. ఉత్తరంలో తోకలా తగిలించిన విద్యతో వేసిన 'కడరా భోజనం' మాత్రం అక్కడి శాంటా మారియా దెల్లె గ్రాజియె మఠం భోజనశాల గోడ మీద ఇంకా ఉంది.