ఆరోగ్య కార్డు పేరుతో ఫోన్ వచ్చిందా? ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు ఇవి చెప్పండి

‘మీ ఐదు లక్షల కార్డు ఈ రోజుతో రద్దవుతుంది. ఓటీపీ చెబితే రెన్యువల్ చేస్తాం’. మీరు హైదరాబాద్‌లో ఉండగా జనగామ, మహబూబాబాద్ లేదా భూపాలపల్లిలోని మీ తల్లిదండ్రులకు ఇలాంటి కాల్ వస్తే?

ఎందుకు నమ్ముతారు?

పథకాలు నిజమైనవే కాబట్టి. 70 ఏళ్లు నిండిన వారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి రూ.5 లక్షల వరకు వైద్యం అందించే ‘ఆయుష్మాన్ వయ వందన’ కార్డును కేంద్రం 2024 అక్టోబర్ 29న ప్రారంభించింది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో రూ.10 లక్షలకు పెరిగింది. భూపాలపల్లిలోని సింగరేణి రిటైర్డ్ కార్మికులకు సంస్థ మెడికల్ కార్డులు వేరుగా ఉన్నాయి. మోసగాళ్లు ఈ పేర్లనే వాడుకుంటారు.

అసలు, నకిలీ తేడా ఎలా?

వయ వందన అసలు నమోదులోనూ ఆధార్ ఓటీపీ అడుగుతారు. అందుకే ‘ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు’ అంటే పెద్దవాళ్లకు అయోమయంగా ఉంటుంది. ఇలా చెప్పండి: మనమే ఆయుష్మాన్ యాప్ తెరిచినా, మనమే కేంద్రానికి వెళ్లినా సరే. వాళ్లే ఫోన్ చేసి అడిగితే పెట్టేయాలి. నమోదుకు ఫీజు లేదు. బ్యాంకు ఓటీపీ, ఏటీఎం పిన్‌తో ఆరోగ్య కార్డుకు పనే లేదు.

ముందు జాగ్రత్తలు

- వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైల్ తెరవొద్దు. యాప్‌ను ప్లేస్టోర్ నుంచి మీరే వేసివ్వండి.
- ఆధార్ జిరాక్స్ అడిగినచోట, కుదిరితే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి.
- ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేయండి. పింఛన్, రేషన్ కోసం వేలిముద్ర వేయాల్సినప్పుడు తాత్కాలికంగా అన్‌లాక్ చేసుకోవచ్చు.
- అనుమానం వస్తే ఆయుష్మాన్ హెల్ప్‌లైన్ 14555కు ఫోన్ చేయండి. ఆరోగ్యశ్రీ వివరాలను నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

ఓటీపీ చెప్పేస్తే?

డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్మును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. తర్వాత బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించండి. మెసేజ్‌లు, కాల్ వివరాలు డిలీట్ చేయొద్దు, ఫిర్యాదుకు అవే ఆధారం. ఆధార్ వివరాలు మాత్రమే చెప్పి ఉంటే 1947లో సంప్రదించి, బయోమెట్రిక్ లాక్ చేయండి.

ఇంకో మాట. మోసపోయిన పెద్దలు పిల్లలు కోప్పడతారని విషయం దాచిపెడతారు. ‘ఏం జరిగినా ముందు నాకు ఫోన్ చెయ్యి నాన్నా, తిట్టను’ అని ఈ రోజే చెప్పి పెట్టండి.