వస్తానియా మెట్టు: నాడు, నేడు

నిజాం కాలపు చదువుకు మూడు మెట్లు ఉండేవి. తహ్తానియా అంటే ప్రాథమిక పాఠశాల, వస్తానియా అంటే మిడిల్ స్కూలు, ఫౌఖానియా అంటే హైస్కూలు. ఈ పేర్లు మన పెద్దల నోట ఇప్పటికీ వినబడుతుంటాయి. చదువుల చరిత్ర అనగానే మనం పై మెట్టు గురించీ, దానిమీది ఉస్మానియా గురించీ గొప్పగా చెప్పుకుంటాం. కానీ మన ప్రాంతంలో పిల్లలు ఎక్కువగా జారిపడేది నడిమి మెట్టు మీద. అందుకే ఈ సంచికలో దాని సంగతి సభ్య సోదర సోదరీమణుల ముందు పెట్టదలచాను.

1917లో దారుత్తర్జుమా అనే అనువాద సంస్థ, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. వైద్యం, ఇంజనీరింగు సైతం ఉర్దూలో బోధించిన ఘనత ఆ విద్యాలయానిది. ఇది మనకు గర్వకారణమే. అయితే ఇంకొక సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆనాటి సంస్థానంలో ఎక్కువమంది ఇంటి భాష ఉర్దూ కాదు. తెలుగు, మరాఠీ, కన్నడం. తెలుగు పిల్లవాడు తన భాషలో నాలుగు అక్షరమ్ముక్కలు నేర్చుకుని పై తరగతికి వచ్చేసరికి లెక్కలు, చరిత్ర, భూగోళం అన్నీ ఉర్దూలో ఎదురయ్యేవి. కొందరు నెగ్గుకొచ్చి పెద్దవాళ్లయ్యారు. మిగతావాళ్లు పొలానికో, పశువుల వెంటో పోయారు. వాళ్లు మొద్దులు కారు. మెట్టు ఎత్తుగా ఉంది, అంతే.

1948 తర్వాత కాలం తిరగబడింది. ఉస్మానియాలో ఉర్దూ స్థానంలోకి ఇంగ్లీషు వచ్చింది. 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణ కచేరీల్లోనూ, కోర్టుల్లోనూ ఉర్దూ స్థానాన్ని ఐదేళ్లపాటు కొనసాగించాలని రాసుకున్నారు. ఆ తర్వాత కచేరీలో తగ్గిన విలువ బడిలోనూ తగ్గింది. ఇప్పుడు ఎత్తు మెట్టు మన పిల్లల ముందుకు వచ్చింది. ఊళ్లో ఐదో తరగతి దాకా ఉర్దూలో చదివినవాడికి ఆరో తరగతి ఉర్దూలో దగ్గర్లో దొరక్కపోతే రెండే దారులు. తెలియని భాషలో కూర్చోవడం, లేదా మానేయడం.

మన పరిసరాల సంగతి చూద్దాం. మాదాపూర్, కొండాపూర్, కొత్తగూడ, గచ్చిబౌలి, హఫీజ్‌పేట ఒకప్పుడు పల్లెలే. హఫీజ్‌పేట, షేక్‌పేట, మసీదుబండ అన్న పేర్లలోనే మన పూర్వీకుల ఉనికి కనబడుతుంది. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయం ఏర్పడి గచ్చిబౌలి వైపు వచ్చింది. 1998 సంవత్సరం ఒక వింత సంవత్సరం. ఆ ఏడాది జనవరిలో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఏర్పడి, తర్వాత గచ్చిబౌలిలో స్థిరపడింది. అదే ఏడాది ట్రిపుల్ ఐటీ మొదలైంది. నవంబరు 22న ప్రధాని వాజపేయిగారు సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. దేశంలోని ఉర్దూ చదువుకంతటికీ పెద్ద గడప మన వీధిలోకే వచ్చిందన్నమాట! కానీ ఆ గడపకు చేరాలంటే ముందు ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు దాటాలి కదా.

2007లో శేరిలింగంపల్లి మహానగర పాలక సంస్థలో కలిసింది. భూమి ధర పెరిగింది, బడిలో బెంచీ మీది పిల్లలు మారారు. కాస్త కలిగినవాళ్లు తమ పిల్లల్ని ప్రైవేటు బడులకు మార్చారు. వాళ్ల చోట్లోకి మేడలు కట్టడానికి వచ్చిన పాలమూరు, ఒడిశా, కర్ణాటక, మహారాష్ట్ర, బీహారు కూలీల పిల్లలు, వాచ్‌మన్ల పిల్లలు, ఇళ్లల్లో పనిచేసే తల్లుల పిల్లలు వచ్చారు. మనవాళ్లలో ఆటో డ్రైవర్ల, వెల్డర్ల, దర్జీల పిల్లలు ఉన్నారు. ఒకే గదిలో నాలుగైదు ఇంటి భాషలు! పైగా కట్టడం పూర్తికాగానే కాపురం ఇంకో చోటికి లేచిపోతుంది. జూన్‌లో చేరిన పిల్లవాడు సంక్రాంతి తర్వాత కనబడడు.

ఇవన్నీ చూడకుండా మార్కుల పట్టిక ఒక్కటే చూసి, "ఆ బడి మంచిది కాదు, ఆ పిల్లలకు చదువు రాదు" అనడం న్యాయం కాదు. బడిలో చివరిదాకా ఉన్నవాళ్ల మార్కులే పట్టికలో ఉంటాయి. మధ్యలో పోయినవాళ్ల లెక్క అందులో ఉండదు. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ఈ రెండో లెక్కే చెప్పింది. దేశంలో 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నూటికి 25 మంది అసలు బడికి వెళ్లనివాళ్లో, మధ్యలో మానేసినవాళ్లో ఉన్నారు. మనవాళ్లంతా మదర్సాలకే పోతారన్న అపోహనూ ఆ నివేదిక తోసిపుచ్చింది. బడి ఈడు పిల్లల్లో అక్కడ చదివేది నూటికి మూడు నాలుగు మందే. ఉర్దూ మీడియం తరగతుల్లో పాఠం చెప్పే మాబోటివాళ్లకు మరొకటి కూడా తెలుసు. పై తరగతులకు పోయేకొద్దీ ఆడపిల్లలే ఎక్కువగా మిగులుతారు. మగపిల్లలు మెకానిక్ షెడ్డులోనో, దుకాణంలోనో తేలుతారు.

సౌకర్యాలు లేవని అనలేం. 2003 నుంచి బడిలో వండిన మధ్యాహ్న భోజనం ఉంది. 2007లో మనలోని వెనుకబడిన వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. 2016లో మైనారిటీ గురుకులాలు మొదలయ్యాయి. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియంతోపాటు రెండు భాషల పాఠ్యపుస్తకాలు వచ్చాయి. కానీ ఏడో తరగతిలో బడి మానేసిన కుర్రాడికి రిజర్వేషన్ ఏం చేస్తుంది?

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు సర్టిఫికెట్ లేదని ఏ బడీ చేర్చుకోవడం మానకూడదు. టీసీ ఆలస్యమైందని తిప్పి పంపకూడదు. వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని, వెనుకబడితే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఈ నాలుగు మాటలు తెలియక ఎంతమంది తల్లిదండ్రులు గేటు దగ్గరనుంచే వెనక్కి వస్తున్నారో!

కాబట్టి సంఘానికి నా మనవి ఒక్కటే. ప్రతి ఏటా ఏప్రిల్‌లో మన బస్తీల్లో ఐదో తరగతి పూర్తిచేసిన పిల్లల పేర్లు, మన పొరుగు కూలీల పిల్లలతో సహా, ఒక నోటుబుక్కులో రాసుకుందాం. జూన్‌లో మళ్లీ ఇల్లిల్లూ తిరిగి ఎవరు ఆరులో చేరారో, ఎవరు చేరలేదో చూద్దాం. చేరనివాడి వాలిదైన్‌తో కూర్చుని మాట్లాడదాం. సాయంత్రం ఒక గంట తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు చెప్పగల చదువుకున్న యువకులు ఈ హైటెక్ సిటీలో మనకు కరువా? చందా కంటే వాళ్ల గంట సమయం విలువైనది.

పై మెట్టు మీద నిలబడినవాళ్లు నడిమి మెట్టు మీదివాళ్లకు చెయ్యందించాలి. అల్లాహ్ మనకు ఆ తౌఫీఖ్ ప్రసాదించుగాక. ఆమీన్.