పసుపు కుంకుమ ఎకరం

ఆడపిల్ల పెళ్లికి ‘పసుపు కుంకుమ’ కింద పొలం ఇవ్వడం మన దగ్గర పాత పద్ధతే. చాలాసార్లు రాతకోతలుండవు, నోటిమాటే. స్థిరాస్తి దానానికి రిజిస్ట్రేషన్ ఉండాలని 1882 ఆస్తి బదిలీ చట్టం చెప్పినా ఊళ్లలో మాట మీదే నడిచిపోయింది. 1956 హిందూ వారసత్వ చట్టం, 14వ సెక్షన్‌లో, పెళ్లికి కానుకగా వచ్చిన ఆస్తి మీద స్త్రీకి పూర్తి హక్కు ఇచ్చింది. మంచిదే.

నాకు ఆసక్తి ఆ ఎకరం తర్వాత ఏమైందన్నది. 1977లో హెచ్.డి.ఎఫ్.సి. మొదలయ్యాక జీతగాళ్లకి మెల్లగా గృహరుణం అందుబాటులోకి వచ్చింది. కానీ అప్పిచ్చేవాళ్లు మొత్తం ధర ఇవ్వరు కదా. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం ఇప్పటికీ 75 లక్షలు దాటిన రుణమైతే ఇంటి విలువలో 75 శాతానికి మించకూడదు. మిగతాది ఎక్కణ్ణుంచి తేవాలి? ఆవిడ ఎకరం అమ్మి. జీతం ఆయనది కాబట్టి అప్పు ఆయన పేరున, అప్పు ఆయన పేరున ఉంది కాబట్టి ఫ్లాటూ ఆయన పేరునే. పుట్టింటి సొమ్ము ‘మార్జిన్ మనీ’ అయిపోయింది. ఆ మాటలో ఆవిడ పేరు ఎక్కడా కనపడదు.

ఈమధ్య నా స్నేహితురాలొకామె, డౌన్ పేమెంట్‌కి డబ్బెక్కడిదని బ్యాంకు అడిగితే, వాళ్ల నాన్నతో కానుక పత్రం రాయించుకుంది. ఇదేం గోలని విసుక్కుంది. వాళ్లమ్మ ఎకరానికి ఆ కాగితం కూడా లేదు.