టాయిలెట్ శిక్షణలో చిన్న బహుమతులు

పసిపిల్లలకు పాటీ మీద కూర్చునే అలవాటు చేసేటప్పుడు, పని జరిగిన వెంటనే చిన్న కానుక ఇచ్చి ప్రోత్సహించే పద్ధతి ఇది. మంచి ఫలితం వెంటనే దక్కిన ప్రవర్తన మళ్లీ మళ్లీ కనిపిస్తుందని అమెరికన్ మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ చెప్పిన సూత్రమే దీనికి పునాది.

మనస్తత్వవేత్తలు నేథన్ అజ్రిన్, రిచర్డ్ ఫాక్స్ 1974లో వెలువరించిన పుస్తకంతో ఈ పద్ధతి ఇళ్లలోకి చేరింది. వారు బిడ్డకు ఇష్టమైన పానీయాలు ధారాళంగా తాగించేవారు. మూత్రం తరచుగా వస్తే సాధనకు అవకాశాలూ పెరుగుతాయి. ఉచ్చపోసే బొమ్మకు బిడ్డ చేతే పాఠం చెప్పించేవారు. చెడ్డీ తడిమి చూసుకుని పొడిగా ఉందని బిడ్డ చెప్పినా మెచ్చుకుని, ఏదో ఒకటి తినడానికి చేతిలో పెట్టేవారు. తడిపితే మాత్రం పాటీ దాకా పదేపదే నడిపించేవారు. ఈ భాగం పసివాళ్లను ఏడిపించేంత కఠినం, వదిలేయడమే మేలు.

అంతకుముందే, 1962లో, పిల్లల వైద్యుడు బెర్రీ బ్రేజల్టన్ బిడ్డ సిద్ధపడేదాకా ఆగాలన్నాడు. రెండు గంటలైనా చెడ్డీ తడవకపోవడం, వస్తోందని చెప్పగలగడం, చెడ్డీ తానే కిందికి లాగడం బిడ్డ సిద్ధమైందనడానికి గుర్తులు. చాలామందిలో ఇవి 18 నెలల తర్వాత కనిపిస్తాయి.

బహుమతిగా స్టిక్కరైనా చాలు, కానీ అప్పటికప్పుడే అందాలి. పొద్దున చేసినదానికి సాయంత్రం ఇస్తే రెండేళ్ల బిడ్డకు సంబంధం తెలియదు. ఊరికే కూర్చున్నా మెచ్చుకోవాలి. ఇచ్చినదాన్ని శిక్షగా లాక్కోకూడదు. మలబద్ధకంతో నొప్పికి భయపడి బిగబట్టే బిడ్డకు ముందు వైద్యం కావాలి. నిద్రలో పక్క తడపడం బిడ్డ చేతిలో లేని విషయం, దానికి బహుమతులు పెట్టడం అన్యాయం.