పాతకాలపు అపరాధ పరిశోధక ధారావాహికలు: స్త్రీల బృందాలు

అపరాధ పరిశోధన అనగానే తెలుగు పాఠకులకు కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ గుర్తుకు వస్తాడు. 1993లో దూరదర్శన్ ప్రసారం చేసిన హిందీ ధారావాహిక 'బ్యోమకేశ్ బక్షీ'ని చూసినవారు మన బీదరు పల్లెలలోనూ ఉన్నారు. ఆ రెండింటిలోనూ చిక్కుముడి విప్పేవాడు పురుషుడే. గడచిన కాలాన్ని నేపథ్యంగా తీసుకొని, స్త్రీలే బృందంగా పరిశోధన సాగించే ధారావాహికలు 2010 తరువాత విదేశాలలో వెలువడ్డాయి. వానిలో ముఖ్యమైనది 'ది బ్లెచ్లీ సర్కిల్'.

కథ

దీనిని బ్రిటన్‌లోని ఐటీవీ 2012 సెప్టెంబరులో 3 భాగాలుగా, 2014 జనవరిలో మరి 4 భాగాలుగా ప్రసారం చేసింది. రచయిత గై బర్ట్. కథాకాలం 1952, స్థలం లండన్. సూసన్, మిల్లీ, లూసీ, జీన్ అనే నలుగురు స్త్రీలు యుద్ధకాలంలో శత్రువుల రహస్య లిపిని ఛేదించే కేంద్రంలో పనిచేసినవారు. యుద్ధం ముగిసింది, వారి నేర్పుతో ఎవరికీ పని లేకపోయింది. ఇల్లు చూసుకొంటున్న సూసన్ వరుస హత్యల వార్తలలో ఒక క్రమాన్ని గమనిస్తుంది. పోలీసులకు చెప్పినా ఫలితం ఉండదు. అప్పుడు పాత స్నేహితురాండ్రను పిలుస్తుంది. లూసీ ఒకసారి చదివినది మరువదు. మిల్లీకి పలు భాషలు వచ్చు. జీన్ గ్రంథాలయంలో పనిచేస్తుంది. రైళ్ల సమయపట్టికలు, పటాలు ముందు పెట్టుకొని వారు హంతకుని జాడ వెదకుతారు. భర్త చేతిలో దెబ్బలు తినే లూసీకి ఆ స్నేహమే అండ అవుతుంది.

చరిత్ర

పాత్రలు కల్పితాలు, నేపథ్యం నిజం. బ్లెచ్లీ పార్క్ కేంద్రంలో యుద్ధం చివరినాటికి సుమారు 10,000 మంది పనిచేసేవారు. అందులో నాలుగింట మూడు వంతులు స్త్రీలే. చేసిన పనిని కట్టుకొన్న భర్తకు కూడా చెప్పరాదని వారికి ఆంక్ష. 1970ల మధ్యకాలం వరకు లోకానికి ఆ సంగతి తెలియదు. సూసన్ భర్తకు ఆమె తెలివి తెలియకపోవడానికి కారణం ఇదే.

ఇతర ధారావాహికలు

2018లో వచ్చిన 'ది బ్లెచ్లీ సర్కిల్: శాన్ ఫ్రాన్సిస్కో'లో మిల్లీ, జీన్ 1956 నాటి అమెరికాకు వెళ్లి అక్కడి స్త్రీలతో కలిసి పనిచేస్తారు. కెనడాలో 2017 నుండి 2021 వరకు ప్రసారమైన 'ఫ్రాంకీ డ్రేక్ మిస్టరీస్' 1920ల టొరంటో నగరంలో స్త్రీలు నడిపే డిటెక్టివ్ సంస్థ కథ.

వీటన్నిటిలో పాతకాలం కేవలం అలంకారం కాదు. అధికారం లేని స్త్రీ ఒంటరిగా ఏమీ చేయలేదు కనుకనే బృందం అవసరమైంది. మన దేశంలోనూ కిరణ్ బేడీ తొలి మహిళా ఐపీఎస్ అధికారిగా చేరినది 1972లో; మొదటి మహిళా పోలీసు ఠాణా కోజికోడ్‌లో తెరచినది 1973లో.

మన ప్రాంతానికి వస్తే

1952లో మన బీదరు హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. 1956 నవంబరు 1న మైసూరులో చేరింది. ఆ రాష్ట్రంలోనే 1946–51 మధ్య సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో స్త్రీలు రహస్యంగా ఉత్తరాలు మోశారు, దళాలకు కబురు అందించారు. పోరాటం ముగిశాక అనేకులు మళ్లీ వంటింటికే చేరారు. వారి మాటలను స్త్రీశక్తి సంఘటన సేకరించి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా ప్రచురించింది. మల్లు స్వరాజ్యం వంటివారి అనుభవాలు అందులో ఉన్నాయి. వీరిపై ఇటువంటి ధారావాహిక తీయగలిగితే అది మన భాషకు గౌరవమే.

ఇంట తెలుగు, బడిలో కన్నడం, సంతలో ఉర్దూ, మరాఠీ మాట్లాడే మన సరిహద్దు ఆడపడుచులకు మిల్లీ నేర్పు కొత్త కాదు. మీ ఇంట పెద్దవారు ఉంటే, ఆ రోజులలో తాము ఏమి చేశారో ఒకసారి అడిగి, పిల్లల చేత వ్రాయించండి.