జెండాకు పాట పెట్టవచ్చునా?

గోల్కొండ కోటమీద ఎగిరిన జెండా ఒకటి సంపాదించి వేలంపాట పెడితే పిల్లల ఫీజులకు పైకం వస్తుందని మన సంఘం మీటింగులో ఒక మాట వచ్చింది. నవ్వుకున్నాము గాని కొట్టిపారెయ్యలేదు. అమెరికాలో ఇది ఉన్న సంగతే. వాషింగ్టనులోని కాపిటల్ భవనంమీద ఎగరేసిన జెండాలను సర్టిఫికెట్టుతో సహా ఇచ్చే పద్ధతి 1937లో మొదలైంది. అట్లాంటివి వేలమేసి ధర్మకార్యాలకు నిధులు కూడబెడతారు.

మన దగ్గర తీరు వేరు. 1947 ఆగస్టు 15న మద్రాసు సెయింట్ జార్జి కోటమీద ఎగిరిన జెండా అక్కడి మ్యూజియంలో భద్రంగా ఉంది. ఆనాడు మన నారాయణఖేడ్ బీదరు జిల్లాలోది, నిజాం రాజ్యం. ఇక్కడ ఆ జెండా ఎత్తినవారికి జైలే. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో అది మన ఊళ్ళకు వచ్చింది. ఆ రోజుల్లో ముస్లింలు ఎక్కువ నష్టపోయిన నాలుగు జిల్లాల్లో బీదరు ఒకటని పండిట్ సుందర్‌లాల్ కమిటీ రాసింది. మన పెద్దలు ఆ సంగతి గొంతు తగ్గించే చెప్పేవారు. అయినా పంద్రాగస్టుకు తెల్లబట్టలు కట్టుకొని ముందుగా వచ్చి నిలబడేదీ వాళ్ళే.

గోల్కొండమీద 2014 నుంచి ప్రభుత్వం పంద్రాగస్టు జరుపుతున్నది. అక్కడి జెండాకు పాట పాడితే ఎంత పలికేదో గాని, మాకు మాత్రం నోరు రాలేదు. పాటే కావాలంటే మసీదు చింతచెట్టు ఉంది. ఈ ఏడు కాపు బాగుంది.