విరిగిన విల్లు: బాగుచెయ్యాలా, మార్చాలా అని తేల్చిందెవరు?

చరిత్ర పుస్తకాల్లో విల్లుకు కొదవ లేదు. రాజుల చేతుల్లో, దేవుళ్ల చేతుల్లో, వీరుల విగ్రహాల చేతుల్లో విల్లు ఉంటుంది. ఆ విల్లును చేసిందెవరో, బీట వారినప్పుడు దాన్ని పట్టుకుని ఆలోచించిందెవరో ఆ పుస్తకాలు చెప్పవు. మేము ఇక్కడ అడుగుతున్నది చిన్న ప్రశ్న. వేటగాడి విల్లు దెబ్బతింటే దాన్ని కట్టి వాడుకోవాలా, పారేసి కొత్తది చేసుకోవాలా? ఈ తీర్పు ఒకప్పుడు ఎవరిది, తర్వాత ఎవరి చేతికి పోయింది?

ముందు పని సంగతి చూద్దాం. అల్లెతాడు తెగితే పెద్ద బాధ లేదు, మార్చుకుంటారు. కష్టమంతా బద్దతోనే. విల్లు వంచినప్పుడు బయటి వైపు సాగుతుంది, లోపలి వైపు నొక్కుకుపోతుంది. పగులు నార వెంట నిలువుగా వస్తే గట్టిగా తాడు చుట్టి ఇంకొన్నాళ్లు వాడొచ్చు. అదే పగులు బయటి వైపు అడ్డంగా వచ్చిందా, ఇక దాన్ని నమ్మకూడదు. నిండా లాగినప్పుడు విరిగితే మొహానికో చేతికో తగులుతుంది. వాడివాడి వంగిపోయి మళ్లీ నిలవని బద్దను ఏ కట్టూ బాగుచెయ్యలేదు. కొత్తది కావాలంటే ముదురు వెదురు చూడాలి, పుచ్చు పట్టని కాలంలో కొయ్యాలి, నీడన ఆరబెట్టాలి. ఇదంతా శాస్త్రం కాదా? చెప్పు తెగినప్పుడు కుట్టాలా, కొత్తది కొయ్యాలా అని తోలు చూసి చెప్పే మాదిగ పెద్దది కూడా ఈ జ్ఞానమే. రాసి పెట్టలేదు కాబట్టి దీన్ని జ్ఞానం కింద లెక్క కట్టలేదు, అంతే.

తవ్వకాల్లో కూడా ఇదే జరుగుతుంది. ఇనప బాణపు మొన మట్టిలో మిగులుతుంది, వెదురు బద్ద మిగలదు. మిగిలినదాన్నే చరిత్ర అంటే, కుళ్లిపోయే వస్తువులతో బతికిన జనానికి చరిత్రే లేకుండా పోతుంది.

నల్లమల చెంచుల్ని తీసుకుందాం. 1943లో అచ్చయిన హైమెన్‌డార్ఫ్ పుస్తకం వాళ్ల గురించి మనకున్న ముఖ్యమైన రాతల్లో ఒకటి. చెంచుల తిండిలో వేట కన్నా దుంపలు, కాయలు, ఆకులే ఎక్కువని ఆ పుస్తకమే చెప్తుంది. అయినా చెంచు అంటే చాలామందికి కనపడేది విల్లు పట్టిన మగవాడే. దుంపలు తవ్వే కర్ర పట్టిన ఆడమనిషి కనపడదు. ఇదీ మనం సరిచేసుకోవాల్సిన సంగతే.

ఇక తీర్పు చేతులు మారిన కథ. 1878 ఆయుధాల చట్టం తుపాకులు, కత్తుల పక్కనే విల్లంబుల్ని కూడా ఆయుధాల జాబితాలో చేర్చింది. ఆయుధం భాగాలు సైతం ఆయుధమే అంది. మినహాయింపులు ఇచ్చే అధికారం సర్కారు తన దగ్గరే పెట్టుకుంది. 1882 మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవి అని గీత గీసింది. కృష్ణకు దక్షిణాన ఉన్న నల్లమల ఆ ప్రెసిడెన్సీ కిందిదే. ఇక ఆ గీత లోపల బద్ద కొయ్యాలంటే వెదురు ముదిరిందా లేదా అని చూస్తే చాలదు, అనుమతి ఉందా లేదా అని కూడా చూడాలి. తర్వాతి కాలంలో అదే వెదురు కాగితం మిల్లులకు లారీల కొద్దీ పోయింది. ఒక బద్ద కొస్తే నేరం, అడవి కొస్తే పరిశ్రమ!

1972 వన్యప్రాణి రక్షణ చట్టం ఇంకో అడుగు వేసింది. ఆయుధమంటే ఏమిటో చెప్తూ విల్లంబుల్ని పేరు పెట్టి రాసింది. లిఖిత అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలో అడుగు పెట్టకూడదంది. నేరంలో వాడిన ఆయుధం పట్టుబడితే సర్కారు ఆస్తి అంది. 1983లో నల్లమల పులుల రిజర్వు అయింది. చెంచు పెంటలు అప్పటికే ఆ అడవి లోపల ఉన్నాయి. అడవిలోకి "ప్రవేశించేవాడు" ఎవడు, అక్కడే పుట్టినవాడు ఎవడు?

2006 అటవీ హక్కుల చట్టం ఉద్యమాలు సాధించిన చట్టం, తక్కువ చెయ్యడం లేదు. అది వెదురును చిన్న తరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి హక్కు ఇచ్చింది. కానీ సంప్రదాయ హక్కుల్లోంచి వేటను మాత్రం పేరు పెట్టి తీసేసింది. అంటే వెదురు నీదే, దాన్ని విల్లుగా వంచి వేటకు వాడితే నీది కాదు. బద్దలో పగులు అడ్డమా నిలువా అని చూసే కన్ను ఇట్లా పనిలేనిదైపోయింది.

పులులు బతకొద్దని మేము అనడం లేదు. వేటను తిరిగి తెమ్మనీ అనడం లేదు. అడవి ఖాళీ కావడానికి ఆ విల్లే కారణమన్నట్టు రాసిన చరిత్రను ఒప్పుకోమంటున్నాం. దొరలూ జమీందార్లూ తుపాకులతో ఆడిన షికార్లు, రోడ్లు, డ్యాములు, మిల్లులు ఏమైనట్టు? లెక్కలో ముందు అవి రావాలి.

మ్యూజియం అద్దాల వెనక విరిగిన విల్లుకు కూడా విలువుంది. పెంటలో విరిగిన విల్లు పొయ్యిలోకి పోతుంది, దాంతోపాటు ఆ పగులును చదివిన మనిషి మాట కూడా పోతుంది. మన విద్యార్థులు ఆర్కైవ్స్‌కు పోవాలి, తప్పదు. కానీ ఆ పెంటలకు కూడా పోవాలి. విల్లు ఫోటో తీసుకుని రావడం కాదు. ఎందుకు పారేశావు, ఎందుకు కట్టుకున్నావు అని పెద్దల్ని అడిగి, వాళ్ల మాటల్లోనే రాసుకుని రావాలి.